మా జేజి తోడు అడిగిన పొద్దు

పోయిన నెలలో నాకు పన్ను వాచింది. డాక్టరు రాసిచ్చిన మాత్రలు ఐదు రోజులు మింగాను. వాపు పోయింది గానీ కడుపు పాడైంది. ఏం తిన్నా నిలవలేదు. గుంతకల్లులో మా ఇంటికి నాలుగు వీధుల అవతల ఒక చిన్న వయసు డాక్టరమ్మ ఉంది. ఆమె దగ్గరికి వెళితే పొట్ట నొక్కి చూసి, పెరుగు తింటున్నారా అని అడిగింది. తింటున్నానమ్మా, ప్యాకెట్ పెరుగు, అదీ ఎప్పుడో ఒకసారి అన్నాను. ఆమె నవ్వి, చెడ్డ క్రిములను చంపడానికి వేసుకున్న మాత్రలు కడుపులో మనకు మేలు చేసే వాటిని కూడా కొంత చంపేస్తాయని, వాటిని మళ్లీ నింపుకోవాలని చెప్పింది. ఒళ్లు రోగాన్ని తట్టుకునే శక్తి చాలావరకు పేగుల దగ్గరే ఉంటుందట. అందుకు చిన్న సీసాల్లో మందు రాసిచ్చింది. ఇంట్లో తోడు వేసుకున్న తాజా పెరుగు కూడా రోజూ రెండు పూటలా తినమంది. పెరుగొక్కటే అన్ని జబ్బులకూ మందని అనుకోవద్దని, రెండు రోజుల్లో తగ్గకపోతే మళ్లీ రమ్మని గట్టిగా చెప్పింది.

ఇంటికొచ్చి పాలు కాచాను. ఎదురింటి కోడలి దగ్గర ఒక చెంచా పెరుగు అడిగి తెచ్చాను. పాలు చల్లారే దాకా పొయ్యి దగ్గరే కుర్చీ వేసుకుని కూచున్నాను. ఇంకొకరి ఇంటికి పోయి తోడు అడగడం నాకు ఎన్నేళ్ల తర్వాతో. అడుగుతుంటే ఎందుకో నోరు కొంచెం తడబడింది. అప్పుడు గుర్తొచ్చింది మా జేజి.

జేజి అంటే మా నాయన తల్లి. మా ఊరు గుత్తికీ యాడికి అనే ఊరికీ మధ్య, బస్సు దిగి అరగంట నడిస్తే వస్తుంది. నల్లరేగడి కొంచెం, ఎర్రనేల ఎక్కువ, రాళ్లు అంతకంటే ఎక్కువ. వాన పడితే చెనక్కాయ, పడకపోతే ఆకాశం కేసి చూడడం. అయినా మా ఇంట్లో పాడి ఉండేది. మూడు ఎనుములు, అంటే బర్రెలు, ఒక పొట్టి ఆవు. పెరట్లో దాలిగుంట ఉండేది. అందులో పిడకలు నిప్పు పట్టించి, పాలకుండ పెట్టి మూతేస్తే, పొద్దుటి పాలు సాయంత్రం దాకా మెల్లగా కాగుతూనే ఉండేవి. మూత తీస్తే ఎర్రటి మీగడ, పిడకల పొగ వాసన. ఆ వాసన పెరుగులోకి, పెరుగు నుంచి మజ్జిగలోకి, మజ్జిగ నుంచి మా చేతుల్లోకి వచ్చేది. బడిలో పలక పట్టుకున్నా నా వేళ్లకు ఆ వాసనే.

పొద్దున కొర్రన్నంలో మజ్జిగ. మధ్యాహ్నం సంగటిముద్దలో గుంత చేసి ఊరిబిండి పచ్చడి, తర్వాత మజ్జిగ. చేలో పనికి పోయేవాళ్లకు కుండ నిండా మజ్జిగ, అందులో ఉప్పు, నలిపిన ఎర్రగడ్డ, అదే ఉల్లిపాయ. ఇంటికి ఎవరొచ్చినా ముందు చెంబు మజ్జిగ, తర్వాత మాట. మజ్జిగ పోసుకోకుండా విస్తరి ముందు నుంచి లేస్తే జేజి ఊరుకునేది కాదు. తిన్నదాన్ని లోపల సర్దేది మజ్జిగేనని ఆమె నమ్మకం. ఎవరికి జ్వరం తగ్గి నోరు చేదుగా ఉన్నా, ఎండదెబ్బ తగిలినా, కడుపులో నొప్పొచ్చినా ఆమెకు తెలిసిన మొదటి వైద్యం అదే.

మా ఇంటికి పక్కనే, ఒకే గోడ అవతల, చిన్నజేజి ఇల్లు. ఆమె మా జేజికి తోడికోడలు. అన్నదమ్ములు వేరుపడినప్పుడు ఇంటి మధ్యలో గోడ లేచింది. పెరుగు మాత్రం రెండిళ్లలోనూ ఒకే కుండ నుంచి తీసుకున్న తోడుతోనే మొదలైంది. మగవాళ్లు బాగానే ఉండేవాళ్లు, కలిసి సంతకు పోయేవాళ్లు. పిల్లలం గోడ దూకి అటూ ఇటూ తిరిగేవాళ్లం. చిన్నజేజి నాకు బెల్లం ముక్క పెట్టేది, తల కూడా దువ్వేది. ఆడవాళ్లిద్దరికే మాటల్లేవు. నేను పుట్టకముందే ఆగిపోయాయట.

దానికి కారణం కూడా పెరుగే. మా మేనత్త పెళ్లిలో రెండిళ్ల పెరుగూ వడ్డనకు పెట్టారు. మగపెళ్లివాళ్లు బంతిలో కూచున్నారు. చిన్నజేజి తన కుండ ఎత్తుకుని బంతి దగ్గరికి వస్తుంటే మా జేజి అందరూ వినేట్టు, ఆ కుండ వద్దు, అది పులిసింది, లోపలికి తీసుకుపో అందట. చిన్నజేజి కుండ అక్కడే దించి ఇంటికి వెళ్లిపోయింది. అంతే. ఆ తర్వాత ఏదైనా చెప్పుకోవాల్సి వస్తే మధ్యలో మేము ఉండేవాళ్లం. "మీ జేజికి చెప్పు, కోళ్లు మా వడ్లు తింటాండాయని." "మీ చిన్నజేజికి చెప్పు, కోడికేం తెలుసు గోడ యాడుండేది." ఇద్దరూ ఒకరి మాట ఒకరికి వినిపించేంత దూరంలోనే ఉండి నాతో చెప్పించేవాళ్లు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు వరసగా రెండేళ్లు వానలు లేవు. బావి అడుగు కనిపించింది. వాములో కసువు అయిపోయింది. ఎండాకాలం ముదిరేసరికి ఊళ్లో పశువుల్లో చాలావాటిని కాలువ కింద ఊళ్లలో ఉన్న బంధువుల దగ్గరికి తోలేశారు. మా ఎనుములు మూడూ మా అమ్మ పుట్టింటికి పోయాయి. పోయే రోజు జేజి వాటి నొసట పసుపు రాసి, వాకిలి దాటే దాకా చూసి, లోపలికెళ్లి వట్టి దాలిగుంట ముందు కాసేపు కూచుంది. చిన్నజేజి వాళ్ల ఎనుములూ పోయాయి. మా వీధిలో పాలు పిండే ఇళ్లు రెండే మిగిలాయి. మా ఇంట్లో పొట్టి ఆవు, వాళ్లింట్లో ఒక ముసలి ఆవు. ఇచ్చేది పూటకు అరశేరు.

ఆ అరశేరులోనే తమ్ముడికి పాలు, మిగిలినదానికి తోడు. తమ్ముడికి అప్పుడు మూడేళ్లు. పెరుగు వాడికి, ముసలాయన మా జేజినాయనకు. మిగిలిన మాకందరికీ అడుగున కడిగిన నీళ్లే మజ్జిగ. జేజి ప్రతి పొద్దూ పెరుగు చిలికే ముందు ఒక చిన్న పిడతలోకి తోడుకు తీసేది. ఆ పిడతను గది మూల తడి ఇసుకలో పెట్టి, తడిగుడ్డ కప్పేది. అది తీసే హక్కు ఆమె ఒక్కదానికే.

ఆ ఇసుకకు నీళ్లెక్కడివి అంటే వంకలో చెలమల నుంచే. అందరం తాగేదీ అవే. ఆ నీళ్ల వల్లేనేమో, ఒకరోజు తమ్ముడికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. జ్వరం కూడా వచ్చింది. సాయంత్రానికి వాడి కళ్లు లోపలికి పోయాయి. మరుసటి పొద్దున్నే అమ్మా నాయనా వాణ్ణి ఎత్తుకుని మొదటి బస్సుకు గుత్తికి పోయారు. జేజినాయన వాళ్లను బస్సు ఎక్కించడానికి వెళ్లి, అటే బంధువుల ఇంటికి వెళ్లాడు. జేజి దేవుడి ముందు దీపం పెట్టి, పిడకలు చేయడానికి పెరట్లోకి వెళ్లింది. ఇంట్లో నేనొక్కదాన్నే.

నేను ఏం చేశానో ఇప్పటికీ దాచుకోలేను. తమ్ముడి మీద బెంగ ఉంది. కానీ పళ్లెంలో జొన్నరొట్టె, దాని పక్కన కారప్పొడి ఉన్నాయి. నెలన్నరగా నాలుక మీద గడ్డపెరుగు పడలేదు. ఇసుకలో పిడత ఉంది. కొంచెం ఒక వైపు నుంచి వేలితో తీసుకుని నాకాను. చల్లగా, తియ్యగా, కొంచెం పొగ వాసన. ఇంకొంచెం. తర్వాత రొట్టె తుంచి ముంచాను. చూస్తుండగానే పిడత ఖాళీ అయింది. అప్పుడు భయం పుట్టింది. ఆనవాలు లేకుండా చేయాలని ఇంత చింతపండు, బూడిద వేసి పిడతను మెరిసేట్టు తోమి, మళ్లీ ఇసుకలో పెట్టి తడిగుడ్డ కప్పాను. అసలు తప్పు ఆ తోమడమే. నాకి వదిలేసి ఉంటే దాని అంచుకు అంటిన మడ్డితోనైనా పాలు తోడుకునేవి. ఆ సంగతి నాకు అప్పుడు తెలియదు.

మధ్యాహ్నం దాటాక అమ్మా వాళ్లు వచ్చారు. తమ్ముడికి సూదిమందు వేశారట, జ్వరం దిగింది. మాత్రలు ఇచ్చారు. ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు గుక్కగుక్కగా తాగిస్తూనే ఉండమని, పాలు ఇప్పుడే వద్దని, తాజా మజ్జిగ పలచగా, మెత్తటి అన్నం కొంచెం కొంచెంగా పెట్టమని డాక్టరు చెప్పాడట. నీళ్లలో చక్కెర వేయడం జేజికి నచ్చలేదు. మజ్జిగ అన్న మాట వినగానే మాత్రం లేచింది. పొద్దున చిలికిన కాస్త మజ్జిగ అప్పటికే అయిపోయింది, కుండ కడిగిన నీళ్లు కూడా మిగల్లేదు. పిల్లోడికి తాజాది చేయాలని, ఆవు దగ్గర పాలు పిండుకొచ్చి, కాచి, చల్లార్చి, పిడత కోసం గది మూలకు పోయింది.

పిడత పట్టుకుని బయటికొచ్చి వెలుతురులో చూసింది. వేలితో లోపల రాసి వాసన చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను పిల్లి తినిందేమో అన్నాను.

"పిల్లి తింటే తినొచ్చు. చింతపండేసి తోమిపెట్టే పిల్లిని మాత్రం నేనెప్పుడూ చూడలేదు" అంది జేజి.

అమ్మ చెయ్యెత్తుకుని వచ్చింది. జేజి అడ్డం నిలబడి, "దాన్ని కొడితే పాలు తోడుకుంటాయా?" అంది. ఆ మాటతో అమ్మ ఆగిపోయింది. నాకు మాత్రం నాలుగు దెబ్బలు పడి ఉంటేనే బాగుండేదనిపించింది.

దీపాలు పెట్టాక తోడు ఎవరూ ఇవ్వరు. ఆలోగా తెమ్మని జేజి నన్ను కింది వీధికి తరిమింది. నాలుగిళ్లు తిరిగాను. అన్నీ మేకపాలతో టీ కాచుకునే ఇళ్లే. పెరుగు తోడుపెట్టి ఎన్ని రోజులైందో తమకే తెలియదన్నారు. వట్టి చేతులతో వచ్చాను. జేజి ఎండుమిరపకాయల తొడిమెలు ఏరి, గోరువెచ్చని పాలలో వేసి మూతపెట్టింది. ఏ తోడూ లేనప్పుడు అదొక దారి. గోడ అవతల కవ్వం చప్పుడు అందరికీ వినిపిస్తూనే ఉంది. అమ్మ ఒకసారి అటు చూసి జేజి వైపు చూసింది. జేజి పొయ్యి ఊదుకుంటూ ఉండిపోయింది.

తెల్లారి మూత తీస్తే పాలు సగమే తోడుకుని, తీగలు సాగుతున్నాయి. దాంతో మళ్లీ తోడేస్తే మంచి పెరుగవుతుందని జేజికి తెలుసు. కానీ అందుకు ఇంకో పూట కావాలి. ఇంత నీరసించిన పిల్లోడికి ఇది పెట్టనంది. తమ్ముడు ఉప్పుచక్కెర నీళ్లు నాలుగు గుక్కలు తాగి ఇంక వద్దని మొహం తిప్పుకుంటున్నాడు. వాడికి మజ్జిగంటే ఇష్టం. చల్ల, చల్ల అని మూలుగుతున్నాడు. అది విని నేను ఇంట్లో ఉండలేకపోయాను. ఎవరికీ చెప్పకుండా గోడ దూకాను.

చిన్నజేజి వసారాలో కవ్వం తాడు లాగుతోంది. పిడతలోది తిన్నది, తోమింది, తమ్ముడు అడుగుతున్నది, అన్నీ ఒక్క గుక్కలో చెప్పాను. ఆమె కవ్వం ఆపకుండానే విన్నది. మీ జేజి పంపిందా అని అడిగింది. లేదు, నేనే వచ్చినా అన్నాను. ఆమె లేచి, ఒక చెంబు నిండా వెన్న తీసిన తాజా మజ్జిగ పోసి, నా చేతికిచ్చింది.

"ఇది పిల్లోనికి. బిరీన పో. తోడు మాత్రం నీ చేతికియ్యను. దాన్ని మీ జేజే వచ్చి అడగల్ల."

నేను ఇంట్లోకి వచ్చి చెంబు అమ్మకిచ్చి, ఏడుస్తూ ఆ మాట చెప్పాను. అమ్మ మజ్జిగలో ఇంకొన్ని నీళ్లు, ఉప్పు కలిపి తమ్ముడి నోటికి పెట్టింది. వాడు రెండు చేతులతో గిన్నె పట్టుకుని తాగాడు. కాసేపయ్యాక మళ్లీ అడిగాడు. అది కక్కలేదు. జేజి ఇదంతా గడప మీద కూచుని చూస్తోంది. పొద్దు వాకిట్లోకి వచ్చేదాకా అట్లాగే కూచుంది. తర్వాత లేచి, ముఖం కడుక్కుని, ఎక్కడో పెళ్లికి పోతున్నట్టు కొంగు సరిగ్గా వేసుకుని, పిడత తీసుకుంది. గోడ దూకే వయసు కాదు గనక వీధిలోకి వెళ్లి చుట్టూ తిరిగి వెళ్లాలి. అంతా కలిపితే ఇరవై అడుగులు. ఆమె వెనకాలే నేను నడిచాను.

చిన్నజేజి ఇంకా కవ్వం తాడు లాగుతూనే ఉంది. మమ్మల్ని చూసింది గానీ లేవలేదు. జేజి వసారా మెట్టు కిందే నిలబడింది.

"తోడు కావల్లమ్మే" అంది.

"నాది పులుపు కదక్కా" అంది చిన్నజేజి.

పదేళ్లకు వాళ్లు ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకున్న మొదటి మాటలు అవి. జేజి పిడతను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. కోపంతో వెనక్కి తిరుగుతుందేమోనని నేను ఆమె దారికి అడ్డంగా జరిగాను. కానీ ఆమె గొంతు చాలా మామూలుగా ఉంది.

"ఆ పొద్దు అంతమందిలో ఆ మాట అనకూడదు నేను. కూతురి పెండ్లి, ఏం లోటొస్తాదో అని భయంలో ఉన్నా. నోరు జారినాది. మర్సనాడే వచ్చి చెప్పల్లనుకున్యా. ఆ దినం పోయినాది, ఇంగో దినం పోయినాది. ఆమీట రావాలంటే కాళ్లు రాలే."

చిన్నజేజి తాడు వదిలేసింది. కవ్వం రెండు చుట్లు తిరిగి ఆగింది. ఆమె చేతులకున్న వెన్నను కుండ అంచుకు రాసింది. ఆ తర్వాత పీట జరిపి, కూచో అక్కా అంది. పిల్లోడు తాగినాడా అని అడిగింది. రెండు మార్లు తాగినాడు, నిలిచినాదని జేజి చెప్పింది. చిన్నజేజి కొంగుతో కళ్లు తుడుచుకుని, తోడు కోసం పిడత తీసుకుని అంచు దాకా నింపింది. తోడుకు ఇంత దేనికి అంది జేజి.

"సగం తోడుకు. సగం ఈ పాపకు పెట్టు. లేకుంటే మళ్లీ తోమిపెడ్తాది."

జేజి నవ్వింది. నేను ఇద్దరి మధ్యా నిలబడి ఏడవాలో నవ్వాలో తెలియక కొంగు చాటుకు పోయాను. ఎవరి కొంగో ఇప్పుడు గుర్తులేదు.

తమ్ముడు నాలుగైదు రోజులకు లేచి తిరిగాడు. వాణ్ణి నిలబెట్టింది గుత్తి డాక్టరు సూదిమందా, అమ్మ విసుగులేకుండా తాగించిన ఉప్పుచక్కెర నీళ్లా, చిన్నజేజి మజ్జిగా అన్నది నేను చెప్పలేను. జేజి మాత్రం అనుమానం లేకుండా మజ్జిగే అనేది. అమ్మ అనుమానం లేకుండా డాక్టరే అనేది. ఆ వాదన చాలా ఏళ్లు సాగింది. చెలమ నీళ్లు మాత్రం ఆ రోజు నుంచి కాచకుండా ఎవరూ తాగలేదు. ఆ ఒక్క విషయంలో ఇద్దరూ ఒకటే.

ఆ తర్వాతి ఆలోచన చిన్నజేజిది. నీదొక అరశేరు, నాదొక అరశేరు, రెండు కుండలెందుకు, ఒకటే చేసి రెండిళ్లకూ పంచుకుంటే అందరి నోట్లోకీ కాస్త గట్టి మజ్జిగ పోతుంది కదా అంది. ఆ ఎండాకాలమంతా సాయంత్రాలు రెండిళ్ల పాలూ మా ఇంట్లోనే ఒక కుండలో కలిశాయి. తోడు వేసే పని నాకు అప్పజెప్పారు. నాకది శిక్ష అని జేజి చెప్పింది గానీ, అంత గొప్ప పని నాకు అంతకు ముందు ఎవరూ ఇవ్వలేదు. చిటికెన వేలు పాలలో పెట్టి పది లెక్కపెట్టేంతసేపు ఓర్చుకోగలిగితే వెచ్చదనం సరిపోయినట్టు. ఎక్కువ వేడైతే తోడు చస్తుంది, చల్లబడితే పట్టుకోదు. ఎండాకాలం ఒక చుక్క చాలు, చలికాలం గరిటెడు వేసి గోనెపట్టా చుట్టాలి. కలిపాక కుండను కదపకూడదు. పాలలో కంటికి కనపడని ప్రాణమేదో ఉందని, దాన్ని పసిబిడ్డలాగా చూసుకోవాలని జేజి చెబుతుంటే నేను నిజంగానే కుండకు చెవి ఆనించి వినేదాన్ని. తెల్లారి పెరుగు గట్టిగా తోడుకుంటే ఇద్దరు జేజిలూ వచ్చి కుండ వంచి చూసి మెచ్చుకునేవాళ్లు. ఒకరోజు పాలు వేడిగా ఉండగానే తొందరపడి తోడేశాను. ఆ పొద్దు రెండిళ్లకూ విరిగిన నీళ్లే. ఎవరూ తిట్టలేదు. చిన్నజేజి దాంట్లో ఉప్పు, కరివేపాకు వేసి, ఇదీ ఒక వంటే అంటూ అందరికీ పోసింది.

ఆ ఏడు వానలు ఆలస్యంగానైనా వచ్చాయి. నేల తడిసి, గట్ల మీద పచ్చిక మొలిచాక, కాలువ కింద నుంచి పశువుల్ని తోలుకొచ్చారు. మా ఎనుములు ఒళ్లు చేసి, నిగనిగలాడుతూ వచ్చాయి. ఒకటి ఈనింది కూడా. ఆ రోజు సాయంత్రం మా ఇంట్లో రెండు బిందెల పాలు. గోడ అవతలా అంతే. కుండలు కలుపుకోవాల్సిన అవసరం ఇంకెవరికీ లేదు. దాలిగుంట మళ్లీ పొగలేస్తుంటే అందరూ సంతోషంగా ఉన్నారు. నాకు మాత్రం లోపల దిగులు. ఇంక ఎవరి పెరుగు వాళ్లది, ఎవరి మజ్జిగ వాళ్లది అయిపోతుందేమో, మళ్లీ నాతో మాటలు చెప్పిస్తారేమో అని వాకిట్లోనే తిరిగాను. జేజి కూడా పని ఉన్నా లేకున్నా నాలుగుసార్లు వాకిలి దాకా వచ్చిపోయింది.

దీపాలు పెట్టే వేళకు చిన్నజేజి వచ్చింది. నెత్తి మీద పాలబిందె. నేరుగా లోపలికి వచ్చి, దాలిగుంట పక్కన దించి, కొంగుతో మెడ తుడుచుకుంది. జేజి నాయనను పిలిచి, అటక మీద నుంచి పెద్ద బాన దించమంది. అన్నదమ్ములు కలిసి ఉన్నప్పుడు అందులోనే పెరుగు తోడేసేవాళ్లట. నేనెప్పుడూ చూడలేదు. నాయన దాన్ని దించితే ఇద్దరూ కలిసి కడిగారు. అది ఒక్కరివల్ల అయ్యే పని కాదు. ఒకరు వంచితే ఒకరు పట్టుకోవాలి.

వాళ్లిద్దరూ ఇప్పుడు లేరు. తమ్ముడికి ఆ జబ్బు అసలు గుర్తే లేదు. నేను చెబితే, నువ్వు కల్పించి చెప్తాండావు అక్కా అంటాడు. ఆ వానాకాలం తిన్న పెరుగు ఎలా ఉండేదో చెప్పమంటే నేనూ సరిగ్గా చెప్పలేను. బాన చుట్టూ వంగి, తడిసిన చేతులతో, పదేళ్ల మాటలు ఒక్కటొక్కటే తీసి చెప్పుకుంటున్న ఆ ఇద్దరూ, వాళ్ల పక్కనే నీళ్లచెంబు పట్టుకుని ఎంతకీ కదలని తొమ్మిదేళ్ల నేనూ మాత్రం బాగా గుర్తు.